కదిలే వెండి

రెండు మీటర్ల తీగ, 127 లంకెలు, అన్నే అతుకులు. చేతితో చేసిన వెండి గొలుసులో కంటికి కనబడని శ్రమ ఎంతో, శాస్త్రమూ అంతే ఉన్నది.

లోహం స్వభావతః మొండిది. వంచితే వంగుతుంది, వదిలితే వంగిన చోటనే నిలిచిపోతుంది. నూలుపోగువలె మెడ చుట్టూ జారడం గాని, అడుగు పడినప్పుడల్లా చీలమండ మీద కదలాడడం గాని దానికి చేతకాదు. అటువంటి లోహాన్ని వస్త్రంవలె ఒదిగేటట్లు చేయడానికి మానవుడు వేల సంవత్సరాల క్రిందటనే ఒక ఉపాయం కనిపెట్టాడు. లోహపు స్వభావాన్ని అతడు మార్చలేదు. దానిని చిన్న చిన్న కడియాలుగా ఖండించి, ఒకదానిలో ఒకటి దూర్చి, వాటి నడుమ కొద్దిపాటి ఖాళీని మిగిల్చాడు. గొలుసుకు కదలిక ఆ ఖాళీవల్లనే వచ్చింది. ఖాళీ ఎక్కువైతే గొలుసు వదులై చిక్కుపడుతుంది. తక్కువైతే బిగుసుకుపోయి కర్రవలె నిలుస్తుంది. ఈ రెంటి మధ్య ఉండే వెంట్రుకవాసి కొలతను సాధించడమే గొలుసు పనివాని నైపుణ్యం.

ఇరాక్ దేశంలోని ఊర్ నగర రాజ సమాధులలో దొరికిన బంగారు గొలుసులు సుమారు నాలుగున్నర వేల ఏండ్ల నాటివి. సింధు నాగరికతకు కేంద్రమైన మొహెంజొదారోలో వెండి పాత్రలు, ఆభరణాలు లభించాయి. తక్షశిలలో 1913 నుంచి 1934 వరకు సర్ జాన్ మార్షల్ జరిపిన తవ్వకాలలో బయల్పడిన నగలు, ఈ ఉపఖండంలో తీగపని రెండు వేల ఏండ్ల క్రిందట ఎంతటి ఉన్నత స్థితిలో ఉండేదో చాటుతున్నాయి. నాటి పనివాడు వాడిన పద్ధతులలో చాలా భాగం నేటికీ మన ఊళ్ళలో కంసాలి కుంపటి ముందు సాగుతున్న పద్ధతులే.

పసిబిడ్డ నుంచి పండుముసలి వరకు

మన దేశంలో వెండి గొలుసు కేవలం అలంకారం కాదు. తెలుగునాట బిడ్డకు మొదట తొడిగే లోహం తరచుగా వెండి మొలతాడే. తప్పటడుగులు వేసేనాటికి కాళ్ళకు మువ్వల పట్టీలు వస్తాయి. బిడ్డ ఏ గదిలో ఉన్నదీ తల్లికి ఆ సవ్వడే చెబుతుంది. బంగారం లక్ష్మీస్వరూపమన్న భావంతో నడుముకు దిగువన దానిని ధరించని కుటుంబాలలో కాళ్ళ గొలుసులు, మెట్టెలు వెండితోనే చేయించడం ఆచారం. తెలంగాణలోని లంబాడీ స్త్రీల ఆభరణాలలో వెండిదే పెద్ద పీట. బ్యాంకు గడప తొక్కని ఇండ్లలో కాళ్ళ గొలుసుల జత అంటే ఇల్లాలి పొదుపు. వానలు ముఖం చాటేసిన ఏడాది విత్తనాలకో, వైద్యానికో ఆ జత తాకట్టు కొట్టుకు వెళ్ళడం, పంట చేతికి వచ్చాక తిరిగి రావడం మన పల్లెలు ఎరిగిన సంగతే.

అందువల్ల గొలుసులో ఒక్క అతుకు విడిపోయినా నష్టం అందానికి మాత్రమే పరిమితం కాదు. రద్దీలో, పొలం గట్టున, నీళ్ళరేవులో జారిపోయిన గొలుసు ఒక కుటుంబపు కూడబెట్టు. నూరు లంకెలు గట్టిగా ఉండి ఒక్కటి బలహీనంగా ఉంటే, గొలుసు మొత్తం బలం ఆ ఒక్కదాని బలమే. పనివాడు ప్రతి అతుకునూ చివరి అతుకుగా భావించి పనిచేయవలసి రావడానికి కారణం ఇదే.

కమ్మచ్చు నుంచి వెలువడే తీగ

గొలుసు పుట్టుక తీగతో మొదలవుతుంది. మూసలో కరగించిన వెండిని సన్నని కడ్డీగా పోసి, దాగలి మీద సుత్తితో సాగగొట్టి, ఆపైన కమ్మచ్చు గుండా లాగుతారు. కమ్మచ్చు అంటే క్రమంగా చిన్నవవుతున్న రంధ్రాలు వరుసగా గల ఉక్కు పలక. తీగ కొసను ఆకురాయితో మొనదేల్చి, రంధ్రంలో దూర్చి, పటకారుతో పట్టి అవతలి వైపుకు లాగుతారు. తీగ సులువుగా జారడానికి తేనెమైనమో, నూనెయో రాస్తారు. ఒక రంధ్రం తరువాత మరొక రంధ్రం. ప్రతిసారీ తీగ కొంచెం సన్నగిల్లి, కొంచెం పొడవు పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు మందం గల తీగను అర మిల్లీమీటరుకు తెస్తే దాని పొడవు నాలుగింతలవుతుంది.

అయితే వెండికి ఓర్పు కొంతవరకే. నాలుగైదు రంధ్రాలు దాటేసరికి తీగ బిరుసెక్కుతుంది. లోపలి స్ఫటికాల అమరిక ఒత్తిడికి చెదరి, ఇక సాగలేని స్థితికి వస్తుంది. అప్పుడు బలవంతంగా లాగితే తెగుతుంది. అందుకని తీగను చుట్టగా చుట్టి, కుంపటిలో మందమైన ఎరుపు కనబడేవరకు కాచి చల్లారుస్తారు. వేడికి స్ఫటికాలు మళ్ళీ కుదురుకొని, తీగకు మెత్తదనం తిరిగి వస్తుంది. ఆ ఎరుపు పగటి వెలుగులో సరిగా కనబడదు. అనుభవజ్ఞుడైన కంసాలి కుంపటిని నీడ పట్టున పెట్టుకోవడంలోని రహస్యం ఇదే.

తీగ సిద్ధమైన తరువాత దానిని గుండ్రని ఉక్కు పుల్లకు చుట్ట మీద చుట్టగా, సందు లేకుండా చుడతారు. తరువాత పుల్లను తీసివేసి, సన్నని రంపంతో ఆ చుట్టను నిలువుగా కోస్తే, కోసినకొద్దీ కడియాలు రాలిపడతాయి. ఒక్కొక్క కడియమూ ఒక లంకె. కత్తిరతో కత్తిరిస్తే పని త్వరగా అవుతుంది గాని కొసలు నలిగి వంకరపోతాయి. రంపపు కోతలో కొసలు చదునుగా వచ్చి, ఒకదానికొకటి సరిగా ఆనుతాయి. ఆ ఆనికలోనే అతుకు భవిష్యత్తు ఉన్నది.

లంకెను తెరవడంలోనూ ఒక నియమం ఉన్నది. రెండు కొసలను ఎడమకు, కుడికి లాగి విడదీయరాదు. అలా చేస్తే గుండ్రదనం చెడి మళ్ళీ కుదరదు. ఒక కొసను ముందుకు, మరొక కొసను వెనుకకు, తలుపు తెరిచినట్లు పక్కకు త్రిప్పాలి. మూసేటప్పుడు అదే దారిన వెనుకకు తేవాలి.

ఒకటి, మూడు, ఏడు, పదిహేను

ఒక మిల్లీమీటరు మందం గల తీగతో, లోపలి వ్యాసం నాలుగు మిల్లీమీటర్లు ఉండే లంకెలు చేశారనుకుందాం. లాగి పట్టుకొన్నప్పుడు ప్రతి లంకె గొలుసు పొడవుకు నాలుగు మిల్లీమీటర్లు చేరుస్తుంది. మెడలోకి సరిపడే గొలుసుకు 127 లంకెలు కావాలి. పొడవు దాదాపు 51 సెంటీమీటర్లు వస్తుంది. ఇందుకు పట్టే తీగ రెండు మీటర్లు, నూటికి 92.5 పాళ్ళు వెండి గల మిశ్రమమైతే తూకం సుమారు 16 గ్రాములు, అనగా తులంన్నరకు కొంచెం తక్కువ.

127 అన్న సంఖ్యలో ఒక చమత్కారం ఉన్నది. పనివాడు గొలుసును ఒక కొస నుంచి మరొక కొసకు వరుసగా అతుక్కుంటూ పోడు. ముందుగా సగం లంకెలను, అంటే 64 లంకెలను, విడివిడిగానే అతికి మూసివేస్తాడు. పక్కన మరొకటి లేదు గనుక ఈ పనిలో భయం లేదు. తరువాత మూసిన రెండింటిని ఒక తెరచిన లంకెతో కలిపి, ఆ ఒక్కదానినే అతుకుతాడు. మూడు లంకెల తునక తయారవుతుంది. అటువంటి రెండు తునకలను మరొక లంకెతో కలిపితే ఏడు. ఏడూ ఏడూ కలిసి, నడుమ ఒకటి చేరితే పదిహేను. ఈ విధంగానే 31, 63, 127. గొలుసులో ఉండగా నిప్పు తగలవలసిన అతుకులు 63కు తగ్గిపోతాయి. గణితశాస్త్రం చదవని చేతులు తరతరాలుగా పాటిస్తున్న గణితం ఇది.

నిప్పుకు భయపడేది ఎందుకు? వెండికి ఉన్న ఒక గుణంవల్ల. లోహాలన్నింటిలోనూ వేడిని అత్యంత వేగంగా ప్రసరింపజేసేది వెండియే. ఇనుమును ఒక చోట కాల్చి ఒక చోటనే అతకవచ్చు. వెండి లంకెను ఒక వైపు కాల్చితే మరుక్షణంలో లంకె అంతా కాలుతుంది. దానిని తాకి ఉన్న పొరుగు లంకె కూడా కాలుతుంది. టంకమేమో ఎక్కడ వేడి ఎక్కువగా ఉంటే అక్కడికే పరుగెత్తుతుంది. ఒక చుక్క దారి తప్పి పొరుగు లంకెను పట్టిందా, రెండూ కలిసి ముద్దవుతాయి; గొలుసు అక్కడ కదలిక కోల్పోతుంది. అతుకు పడవలసిన చోట పడాలి, పడకూడని చోట పడరాదు. గొలుసు పని మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నది.

టంకం అంటే వెండిలో రాగి, తుత్తునాగం కలిపి, వెండికంటె తక్కువ వేడికి కరిగేటట్లు చేసిన మిశ్రమం. స్వచ్ఛమైన వెండి 962 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. రాగి కలిసిన నగల వెండి అంతకు చాలా ముందే, దాదాపు 800 డిగ్రీల వద్దనే మెత్తబడ నారంభిస్తుంది. గట్టి టంకం పారే వేడికీ, లంకె కరగనారంభించే వేడికీ మధ్య వ్యవధి కొద్ది పదుల డిగ్రీలు మాత్రమే. ఆ వ్యవధిని పనివాడు కొలమానంతో గాక కంటితో పట్టుకోవాలి. అతుకు మీద రాసిన వెలిగారం ముందు పొంగి, తరువాత అణిగి, గాజువలె పారుతుంది. అప్పుడు ఆవగింజలో సగం ఉన్న టంకపు తునక ఒక్కసారిగా వెండి గీతవలె మెరిసి సందులోనికి ఇంకిపోతుంది. ఊదుగొట్టం ఆ క్షణంలోనే పక్కకు తప్పుకోవాలి. పొరుగు లంకెలకు సుద్దగాని, కావిమన్నుగాని పూసి ఉంచడం పాత కాలపు జాగ్రత్త. మన్ను పూసిన చోట టంకం అంటదు.

అతుకులు ముగిసేసరికి గొలుసు నల్లగా, మసిబారి, ఏమాత్రం అందం లేకుండా ఉంటుంది. చింతపండు పులుసులోనో, పలుచని గంధకామ్లంలోనో వేసి ఉడికిస్తే, పైన పేరుకొన్న రాగి మకిలి కరిగి, సున్నం వేసినట్లు తెల్లని వెండి బయటపడుతుంది. కుంకుడు నురుగుతో తోమి, నున్నని ఉక్కు పుల్లతో రుద్ది మెరుగు పెడతారు. పనిచోట రాలిన పొడిని పారవేయరు. నేల ఊడ్చిన దుమ్మును సైతం కూడబెట్టి, జలగడిగి, అందులోని వెండి రజను తిరిగి రాబడతారు.

అతుకు కనబడని అల్లిక

లంకెలో లంకె దూర్చడం గొలుసులలో మొదటి పాఠం మాత్రమే. ప్రాచీనులు ఇంతకంటె విచిత్రమైన మరొక విధానం ఎరుగుదురు. అందులో టంకమే లేదు. స్వచ్ఛమైన వెండి తీగతో చేసిన కడియపు కొసలను ఆనించి, నిప్పుతో అవి తమంత తామే కరిగి కలిసిపోయేటట్లు చేస్తారు. గొలుసు అల్లకముందే కడియాలన్నీ మూసుకుపోతాయి. ఆపైన ఒక్కొక్క కడియాన్ని రెండు వైపులా సాగదీసి కోలగా చేసి, నడిమికి మడుస్తారు. మడిచిన దాని రెండు చివరల గుండా తరువాతి కడియాన్ని దూర్చి, దానినీ మడుస్తారు. అలా సాగిపోయిన అల్లిక జడవలె ఒత్తుగా, పామువలె మెత్తగా ఉంటుంది. ఒకే చోట రెండు మూడు వరుసలను అడ్డంగా దాటిస్తే గొలుసు మరింత గుండ్రంగా, నిండుగా వస్తుంది. చివరకు కర్ర పలకలో తొలిచిన రంధ్రాల గుండా లాగితే హెచ్చుతగ్గులు సర్దుకొంటాయి. ఊర్ సమాధులలోని గొలుసులు ఈ జాతివే.

నిప్పు పని అంతా ముందే ముగిసిపోవడంవల్ల ఇందులో పొరుగు లంకె ముద్దయ్యే ప్రమాదం లేదు. కాని ప్రతి కడియమూ అచ్చు గుద్దినట్లు ఒకే కొలతతో ఉండాలి. ఒకటి పెద్దదైతే ఆ చోట గొలుసు ఉబ్బుతుంది. ఆ తప్పును దిద్దాలంటే అక్కడి వరకు అల్లినదంతా విప్పుకోవలసిందే.

కీలు, చీల, చేప

కదలికకు మూడవ మార్గం కీలు. కాళ్ళ కడియం తెరచుకొనే చోట, వడ్డాణపు పలకల నడుమ ఇది కనబడుతుంది. సన్నని గొట్టాన్ని చిన్న చిన్న తునకలుగా కోసి, ఒక తునకను ఒక పలకకు, మరుసటి తునకను రెండవ పలకకు, రెండు చేతుల వేళ్ళు కలిపినట్లు ఒకటి విడిచి ఒకటిగా అతుకుతారు. వాటన్నిటి గుండా ఒక చీలను దూరుస్తారు. గొట్టపు తునకలన్నీ ఒకే సూటిలో ఉండాలి. వెంట్రుకవాసి ఒరిగినా కీలు మొరాయిస్తుంది.

ఈ సూత్రాలన్నీ ఒకచోట చేరిన అద్భుతం ఒడిశాలోని గంజాం జిల్లా బెళగుంఠలో చూడవచ్చు. అక్కడి పనివారు ఇత్తడితో చేపలను, పాములను చేస్తారు. చేప దేహం ఒకే తునక కాదు. ఒకదానిలో ఒకటి ఇమిడే అనేక ఖండాల వరుస. తోక పట్టి ఎత్తితే నీటిలోని చేపవలెనే అది అటూ ఇటూ మెలికలు తిరుగుతుంది. 1936లో ఒడిశా ఏర్పడేవరకు గంజాం మద్రాసు రాజధానిలో అంతర్భాగం. నేటికీ అక్కడ తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు.

వెండి పనికి పేరుపడిన ఊళ్ళు దేశమంతటా ఉన్నాయి. తమిళనాడులోని సేలం కాలి గొలుసులకు, మహారాష్ట్ర కొల్హాపూరు జిల్లాలోని హుపరి వెండి పట్టీలకు ప్రసిద్ధి. కటకం వెండి తీగపనికి, అక్కడ తారకసి అనబడే ఆ కళకు, 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన కరీంనగర్ తీగపని అంతకు ఎంతో ముందే ఆ గుర్తింపును పొందినది. తలవెంట్రుకవంటి రెండు తీగలను పెనవేసి, అణచి, తీగెలుగా, పూలుగా, నెమళ్ళుగా మలిచే ఈ పనికీ, గొలుసు పనికీ ప్రాణం ఒక్కటే: సన్నని తీగ, కనబడని అతుకు.

అతుకులో ఉన్న అనుమానం

తల్లి నగలోనైనా కంసాలి కొంత మిగుల్చుకొంటాడని లోకంలో ఒక మాట ప్రచారంలో ఉన్నది. ఈ అపవాదుకు మూలం తరచుగా టంకంలోనే ఉంటుంది. టంకంలో వెండి పాలు తక్కువ. సాదా కడియానికి ఒకటే అతుకు. 127 లంకెల గొలుసుకు 127 అతుకులు. మంచి వెండి ఇచ్చి చేయించుకొన్న గొలుసును కొన్నేళ్ళకు కరగిస్తే, ముద్దలో వెండి పాలు మొదటికంటె కొంత తగ్గి కనబడుతుంది. అది మోసం కానక్కరలేదు. కాని టంకం అవసరానికి మించి వాడితే మాత్రం అది మోసమే. వెండి గొలుసులు, పట్టీలు అమ్ముకొనే పేదవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడనే. కొన్నప్పుడు మొత్తం తూకానికి వెండి ధర చెల్లిస్తారు. అమ్మేటప్పుడు అసలు వెండి ఎంతో అంతకే ధర వస్తుంది.

దీనికి విరుగుడు హాల్‌మార్క్. భారత ప్రమాణాల సంస్థ 2005లో వెండి నగలకు ఈ ముద్రను ప్రవేశపెట్టింది. ముద్రలో 925 అని ఉంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి అని అర్థం. 2025 సెప్టెంబరు నుంచి వెండి నగకు కూడా ఆరు అక్షరాలు, అంకెల ప్రత్యేక సంఖ్య ఇచ్చే ఏర్పాటు స్వచ్ఛంద ప్రాతిపదికన మొదలైంది. 2025లో వెండి ధర పాత రికార్డులన్నిటినీ దాటిన దృష్ట్యా, కొనేవారు ముద్ర అడిగి, రసీదు పుచ్చుకోవడం ఇప్పుడు మరింత అవసరం.

టంకం వెనుక మరొక ప్రమాదం పొంచి ఉన్నది. అది కొనేవానికి గాక చేసేవానికి. టంకం తక్కువ వేడికే చక్కగా పారాలని అందులో కాడ్మియం కలపడం ఒకప్పుడు పరిపాటి. కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. ఊదుగొట్టం పట్టి అతుకు మీదికి ముఖం వంచి కూర్చున్న పనివాడు ఆ ఆవిరినే పీలుస్తాడు. బాధ వెంటనే తెలియదు. కొన్ని గంటల తరువాత జలుబు, జ్వరంవలె మొదలై ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే మూత్రపిండాలు చెడిపోతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధక సంస్థ 1993లో కాడ్మియంను మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా నిర్ధారించింది. కాడ్మియం లేని టంకాలు నేడు అందుబాటులో ఉన్నాయి. గాలి ఆడని ఇరుకు గదులలో పని సాగే చోట, ఒక కిటికీ, పొగను బయటికి లాగే ఒక పంకా ఎంత ప్రాణరక్షకాలో వేరుగా చెప్పనవసరం లేదు.

యంత్రం చేయగలది, చేయలేనిది

చేతితో ఒక గొలుసు ముగిసేలోపల యంత్రం మీటర్ల కొలదీ గొలుసును కక్కుతుంది. ఇటలీ, జర్మనీ దేశాలలో అభివృద్ధి చెందిన ఈ యంత్రాలు తీగను తామే వంచి, దూర్చి, కోసి, మూస్తాయి. తీగ నడిబొడ్డులోనే సన్నని టంకపు నాళం ఉంటుంది. లేదా గొలుసు మొత్తానికి టంకపు పొడిని పట్టించి, కొలిమి గుండా పంపుతారు. 127 అతుకులూ ఒకేసారి పడతాయి. సన్నని, తేలికైన, చౌకైన గొలుసుల విషయంలో యంత్రంతో చేయి పోటీపడలేదు. పోటీపడవలసిన అవసరమూ లేదు.

కాని యంత్రం కొన్ని వేల గొలుసులకు ఒకే కొలత ఎంచుకొంటుంది. బిడ్డ కాలు పెరిగేకొద్దీ లంకెలు చేర్చుకోవడానికి వీలుగా పట్టీ చేయడం, అవ్వ నానుతాడులో అరిగిపోయిన నాలుగు లంకెలను మాత్రమే తీసి అదే తీరులో కొత్తవి వేయడం, కీలు వదులైతే చీల మార్చి మళ్ళీ బిగించడం, ఇవన్నీ చేయి చేసే పనులు. బోలు తీగతో చేసిన తేలికపాటి గొలుసు తెగితే చాలా సందర్భాలలో కరగించడమే మార్గం. గట్టి తీగతో చేతిమీద చేసిన గొలుసు తెగితే ఒక లంకె, ఒక అతుకుతో సరిపోతుంది. బాగుచేయించుకొంటూ పోతే అది తరాలు దాటుతుంది.

ఆ బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయన్నదే అసలు చింత. కంటిచూపు మీద, వంచిన మెడ మీద ఆధారపడిన ఈ వృత్తిలో మజూరీ లంకెలను బట్టి గాక తూకాన్ని బట్టి లెక్కగడతారు. సన్నని తీగతో ఎక్కువ లంకెలు చేసినవానికి శ్రమ ఎక్కువ, తూకం తక్కువ. నైపుణ్యం పెరిగినకొద్దీ కూలి తగ్గే ఈ విచిత్రమైన లెక్కవల్లనే పనివారి పిల్లలు తండ్రి పక్కన కుంపటి ముందు కూర్చోవడానికి వెనుకాడుతున్నారు. తూకానికి గాక పనితనానికి వెల కట్టే పద్ధతి వస్తేనే ఈ విద్య నిలుస్తుంది.

కొనేవారు చేయగలిగినది కొంత ఉన్నది. గొలుసును అరచేతిలో కుప్పగా పోసి, ఒక కొస పట్టి మెల్లగా ఎత్తండి. ఎక్కడా బిగియక ధారవలె లేస్తే, ప్రతి లంకెకూ స్వేచ్ఛ ఉన్నదన్నమాట. ఒక చోట కర్రవలె నిలిచిందా, అక్కడ టంకం పొరుగును పట్టినది. వేలిగోటిని లంకెల మీదుగా నడపండి. గోటికి తగిలే గాటు ఉంటే అక్కడ అతుకు నిండలేదు. వాడుకలో ఉన్న గొలుసునైతే ఏడాదికొకసారి చివరి లంకెలను, కొక్కేన్ని చూపించుకోవడం మంచిది, ఎక్కువగా అరిగేవి అవే. వెండి నల్లబడితే అది కల్తీ అని అనుకోనక్కరలేదు. గాలిలోని గంధకంతో కలిసి వెండి పైపొరగా నల్లబడడం దాని సహజ గుణం. కుంకుడు నురుగుతో తోమితే చాలావరకు పోతుంది. ఇక చీల వదులైనా, లంకె తెగినా, కొత్తది కొనేముందు ఊళ్ళోని పనివాని దగ్గరకు తీసుకువెళ్ళండి. ఆ ఒక్క అతుకు గొలుసును నిలబెడుతుంది. అటువంటి పనులు పది వస్తే పనివాని కుంపటి కూడా ఆరకుండా ఉంటుంది.